మెడ నొప్పి అనగానే స్పాండిలోసిస్ అనేయకండి

నల్లకుంటలో మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి వచ్చే ఫైళ్ళలో ఎక్కువ వాటి మీద ఒకటే మాట రాసి ఉంటుంది: సర్వైకల్ స్పాండిలోసిస్. చాలామందికి అది నిజమే. మెడ ఎముకలు కొంచెం అరిగి ఉంటాయి, కండరాలు పట్టేసి ఉంటాయి, వ్యాయామం చేస్తే కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఇది వాళ్ళ కోసం రాస్తున్నది కాదు. కాపడాలు, కాలర్లు, ట్రాక్షన్లు (బరువు కట్టి మెడను లాగి పట్టే చికిత్స) అన్నీ అయ్యాక కూడా తగ్గనివాళ్ళ కోసం, అసలు నొప్పే లేకుండా చెయ్యి సన్నబడుతున్నవాళ్ళ కోసం.

నేను డాక్టర్ని కాను, జబ్బుకి పేరు పెట్టడం నా పని కాదు. కానీ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చేతులూ కాళ్ళూ కదిలించి చూసే తీరిక, కిటకిటలాడే ఓపీలో డాక్టరు కంటే మాకే ఎక్కువ దొరుకుతుంది. ఎవరిని న్యూరాలజిస్టు దగ్గరికి పంపాలి, ఎంత తొందరగా పంపాలి అన్నది చాలాసార్లు ఆ కాసేపట్లోనే తేలుతుంది. అందులో సగం పని మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు.

ముందు ఎంఆర్ఐ గురించి ఒక మాట. "డిస్క్ బల్జ్ ఉందట మేడమ్, అందుకే చెయ్యి పడిపోతోంది" అంటూ వస్తారు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు కొంచెం బయటికి ఉబ్బితే దాన్ని డిస్క్ బల్జ్ అంటారు. జపాన్‌లో ఏ బాధా లేని 1,211 మందికి మెడ ఎంఆర్ఐ తీసి చూశారు. వాళ్ళలో దాదాపు 88 శాతం మందికి డిస్క్ బల్జ్ కనిపించింది. కాబట్టి రిపోర్టులో బల్జ్ ఉన్నంత మాత్రాన మీ బాధకి కారణం అదేనని అర్థం కాదు. చెయ్యి, కాలు చెప్పే కథకీ ఫిల్ములో కనిపించేదానికీ పొంతన కుదరాలి. అదే కుదరకపోతే ఫిల్మును పక్కన పెట్టి మళ్ళీ మొదటినుంచి రావాలి.

కథను వరుసలో రాయండి

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని, ఏది ముందు వచ్చిందో, ఏది తర్వాత వచ్చిందో రాయండి. నొప్పా, తిమ్మిరా, బలం తగ్గడమా? మొదలైంది ఒక చేతిలోనా, రెండు చేతుల్లోనా, కాళ్ళలోనా? నిమిషాల్లో వచ్చిందా, రోజుల్లోనా, నెలల్లోనా? నిమిషాల్లో వచ్చేది ఎక్కువగా రక్తనాళాల సంగతి. రోజుల్లో, వారాల్లో పెరిగేది వాపో ఇన్ఫెక్షనో కావచ్చు. నెలల మీద మెల్లగా వచ్చేది నరం మీదో వెన్నుపాము మీదో ఒత్తిడి, లేదా నరాలు క్రమంగా పాడైపోయే జబ్బు. ఇది కచ్చితమైన లెక్క కాదు, కానీ డాక్టరు ముందుగా అడిగేది ఇదే.

"నొప్పి" అనే మాట ఒక్కటే రాసి ఊరుకోవద్దు. మన దగ్గర గుంజుడు, సలుపు, మంట, పోటు, జివ్వుమనడం అన్నీ వేరు వేరు. ఏదైతే అదే రాయండి. "సోయి లేదు" అంటే ముట్టుకుంటే తెలియడం లేదా, వేడి తెలియడం లేదా, లేక చెయ్యి మాట వినడం లేదా? ఈ మూడూ మూడు వేర్వేరు దారుల్లో పోతాయి.

ఆ తర్వాత రోజువారీ పనుల గురించి. మన న్యూరాలజిస్టులు అడిగే ప్రశ్నలు మన ఇళ్ళలోంచి వచ్చినవే. నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? జారినప్పుడు తెలుస్తోందా? తెలిసీ పట్టి ఉంచలేకపోతే పాదానికి బలం తగ్గినట్టు. చెప్పు ఎక్కడో పడిపోయి, నాలుగడుగులు వేశాక చూసుకుంటున్నారంటే స్పర్శ తగ్గినట్టు. సింకు దగ్గర కళ్ళు మూసుకుని మొహం కడుక్కుంటుంటే ముందుకి తూలుతున్నారా? అది కాళ్ళ నుంచి మెదడుకి వెళ్ళే సమాచారం సరిగా అందడం లేదనడానికి గుర్తు. బి12 తక్కువైనవాళ్ళలో ఇది బాగా కనిపిస్తుంది. మాంసం తిననివాళ్ళు, షుగరుకి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్ళు ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోవద్దు. అటక మీద డబ్బా అందుకోలేకపోతే, తల దువ్వుకోలేకపోతే భుజం దగ్గరి కండరాల బలహీనత. అన్నం కలిపి ముద్ద చేయలేకపోతే, చొక్కా గుండీ పెట్టుకోలేకపోతే వేళ్ళ బలహీనత. నేల మీద నుంచి లేవడానికి తొడ మీద చేతులు ఊనుతున్నారంటే తుంటి కండరాలు.

చివరిదానికి ఒక మాట చేర్చాలి. తొడల నొప్పి, మెట్లెక్కలేకపోవడం, అటూ ఇటూ ఊగుతూ నడవడం చూసి కండరాల జబ్బేమోనని భయపడతారు. ఎండ తగలనివాళ్ళలో విటమిన్ డి బాగా పడిపోయి ఎముకలు మెత్తబడినా అచ్చం ఇలాగే ఉంటుంది. విటమిన్ డి, కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూస్తే తెలిసిపోతుంది. ఖరీదైన పరీక్షల కంటే ముందు ఇవి చేయించమని అడగండి.

చేతుల్ని వెలుతురులో చూడండి

చొక్కా విప్పాలి. ఫుల్ హ్యాండ్స్ పైకి మడిచి చూపించడంతో సరిపోదు. భుజాలు, రెక్క ఎముకలు, ముంజేతులు అన్నీ కనిపించాలి. కిటికీ దగ్గర కూర్చుని రెండు అరచేతులూ బల్ల మీద బోర్లా పెట్టండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనకవైపు కండ ఉబ్బుగా ఉండాలి. అక్కడ గుంట పడిందా? వేళ్ళ ఎముకల మధ్య కాలువలు తీసినట్టు కనిపిస్తోందా? అరచేతులు తిప్పి, బొటనవేలి కింది ఉబ్బునీ చిటికెన వేలి వైపు ఉబ్బునీ పోల్చండి. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళకి కుడి చెయ్యి కొంచెం లావుగా ఉండడం మామూలే. అది రెండోదానికంటే సన్నగా ఉంటే ఆలోచించాలి.

మా దగ్గరికి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండే ఇంజనీరింగ్ కుర్రాడొకడు ఇలాగే వచ్చాడు. "ఏం నొప్పి లేదు మేడమ్, పొద్దున చల్ల నీళ్ళు తగిలితే వేళ్ళు చాపుడే అయితలేదు" అన్నాడు. ఎంఆర్ఐ తీయించుకున్నాడు, అంతా నార్మల్ అని రాశారు. చేతులు చాపమంటే వేళ్ళు సన్నగా వణికాయి. కుడి ముంజేయి లోపలివైపు కండ కరిగిపోయింది గానీ, బొటనవేలి వైపు మోచేతి నుంచి దిగే కండ మాత్రం దిట్టంగా ఉంది. రెంటికీ మధ్య సరిహద్దు ఏటవాలుగా గీసినట్టు కనిపించింది. నొప్పి లేదు, స్పర్శ పోలేదు, చలికి ఎక్కువవుతోంది, వయసు ఇరవై దాటలేదు. ఇవన్నీ కలిస్తే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది హిరయామా జబ్బా?

జపాన్ డాక్టర్ కెయిజో హిరయామా 1959లో దీన్ని వివరించాడు. మన దేశంలో 1984లో బెంగళూరు నిమ్హాన్స్ నుంచి గౌరీదేవి బృందం ఒకే చెయ్యి లేదా ఒకే కాలు ఇలా సన్నబడే జబ్బును మోనోమెలిక్ అమయోట్రఫీ పేరుతో ప్రచురించింది. ఎక్కువగా మగపిల్లల్లో, పదిహేను నుంచి పాతికేళ్ళ లోపు వస్తుంది. తల ముందుకి వంచినప్పుడు వెన్నుపాము వెనక ఉండే పొర ముందుకి జరిగి వెన్నుపామును నొక్కుతుంది. తల నిటారుగా పెట్టి తీసే మామూలు ఎంఆర్ఐలో అది కనిపించకపోవచ్చు. అందుకే మెడ వంచి తీసే ఫ్లెక్షన్ ఎంఆర్ఐ కావాలి. ఆ మాట చీటీ మీద రాసి ఉండాలి, లేకపోతే స్కానింగ్ సెంటర్‌లో మామూలుదే తీసి పంపుతారు. జబ్బు సాధారణంగా కొన్నేళ్ళు పెరిగి ఆగిపోతుంది. ఆ పెరిగే కాలంలోనే కాలర్ పెట్టి మెడ వంగకుండా చూస్తే నష్టం తగ్గుతుంది. నాకు కాలర్లంటే పెద్ద ఇష్టం లేదు. మెడ నొప్పి అన్న ప్రతివాళ్ళ మెడకీ అది తగిలించడం చూస్తే ఒళ్ళు మండుతుంది. కానీ ఈ ఒక్క జబ్బులో మాత్రం దగ్గరుండి పెట్టిస్తాను.

ఇలాగే నొప్పి, తిమ్మిరి లేకుండా కండ కరుగుతుంటే ఇంటర్నెట్‌లో చూసి మోటార్ న్యూరాన్ జబ్బు (కండరాల్ని కదిలించే నరకణాలు క్రమంగా చనిపోయే జబ్బు) అని హడలిపోతారు. కావచ్చు, కాకపోవచ్చు. మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతీ అని ఇంకోటి ఉంది, అది కూడా స్పర్శ పోకుండా మణికట్టు వాలిపోయేలా, వేళ్ళు బలహీనపడేలా చేస్తుంది. దానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ చికిత్స ఉంది, పనిచేస్తుంది. రెంటినీ విడదీసేది నర్వ్ కండక్షన్ పరీక్ష. అందులో నరం మధ్యలో ఎక్కడ కరెంటు ఆగిపోతోందో వెతుకుతారు. ఆ పరీక్ష సరిగా జరగకుండా ఎవరైనా మొదటి జబ్బు పేరు చెబితే రెండో న్యూరాలజిస్టును కలవండి.

చేతి మీద కాలిన మచ్చలు కూడా చూడండి. పెనం తగిలినా, చారు గిన్నె పట్టుకున్నా వేడి తెలియక కాలినవి. ముట్టుకుంటే తెలుస్తుంది, వేడి మాత్రం తెలియదు. ఇది రెండు చేతులు, భుజాల మీదుగా శాలువా కప్పుకున్నంత మేర ఉంటే వెన్నుపాము మధ్యలో నీటి తిత్తి ఉండొచ్చు. దాన్ని సిరింగోమయేలియా అంటారు. చాలామందికి దాంతోపాటు తల వెనక భాగంలో మెదడు కిందికి జారిన కియారీ సమస్య ఉంటుంది, కాబట్టి మెడతో పాటు తల వెనక భాగం కూడా ఎంఆర్ఐలో రావాలి.

అదే ఒకచోటే స్పర్శ పోయి, అక్కడ చర్మం పాలిపోయి ఉండి, చిటికెన వేలు, ఉంగరపు వేలు వంకర తిరుగుతుంటే మోచేతి వెనక గాడిలో వేలు పెట్టి తడమండి. అక్కడ నరం తాడులా లావుగా తగిలితే కుష్ఠు పరీక్ష చేయించాలి. 2005లో దేశంలో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా లేదని ప్రకటించాక ఈ జబ్బును గుర్తుచేసుకునేవాళ్ళే తగ్గిపోయారు. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలో పన్నెండు నెలలో వాడితే నయమవుతుంది. పేరు చెప్పగానే ఇంట్లోవాళ్ళు మొహాలు చూసుకుంటారు. ఆ సిగ్గులో ఇంకో ఆరు నెలలు గడిస్తే వంకర తిరిగిన వేళ్ళు తిరిగి రావు.

వెన్నుపాము నొక్కుకుంటే

అన్నిటికంటే ఎక్కువగా జారిపోయేది ఇదే. వయసు మళ్ళిన మనిషి "కాళ్ళల్ల బిర్రుగ ఉంటది, నడుస్తుంటే తేలినట్టు అయితది" అంటారు. మోకాళ్ళ నొప్పులని మోకాళ్ళకి చికిత్స చేస్తారు, నడుముకి ఎంఆర్ఐ తీస్తారు. అసలు ఒత్తిడి మెడ దగ్గర ఉంటుంది. మెడ నొప్పి ఉండాలని కూడా లేదు.

ఇంట్లో చేసి చూడగలిగే పరీక్షలు రెండున్నాయి. ఒకటి, అరచేయి కిందికి పెట్టి, పిడికిలి గట్టిగా బిగించి వేళ్ళు పూర్తిగా చాపడం, పది సెకన్ల పాటు ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా. మామూలుగా ఇరవై సార్లు రావాలి. వెన్నుపాము నొక్కుకున్నవాళ్ళకి అంతకంటే తక్కువ వస్తుంది, వేళ్ళు చాపేటప్పుడు తడబడతాయి. రెండోది, ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్ళు ఆనిస్తూ గీత మీద పది అడుగులు నడవడం. పక్కన ఎవరైనా పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి. వేళ్ళు దగ్గరగా పెట్టి చాపి ఉంచమంటే చిటికెన వేలు దానంతటదే పక్కకి జారిపోతుందేమో కూడా చూడండి. తల కిందికి వంచినప్పుడు వెన్ను వెంట కరెంటు షాక్ కొట్టినట్టు ఉంటే ఆ రోజే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి.

కారణం డిస్క్ కావచ్చు. ఆసియా వాళ్ళలో ఎక్కువగా కనిపించే ఇంకో కారణం, వెన్నుపాము ముందున్న లిగమెంటు ఎముకలా గట్టిపడిపోవడం. అది ఎంఆర్ఐ కంటే సీటీ స్కాన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. ఇలాంటివాళ్ళకి మెడకి ట్రాక్షన్ పెట్టడం, మెడ విరవడం ప్రమాదం. నరాల స్పందన చూడడానికి మోకాలి మీద సుత్తితో ఒక్కసారి కూడా కొట్టి చూడకుండా మొదటి రోజే ట్రాక్షన్ కట్టే చోట మీరు పడుకోవద్దు. ఆ మాట చెప్పడానికి మొహమాటపడొద్దు. సెలూన్‌లో కటింగ్ అయ్యాక మెడ టక్కుమనిపించుకోవడం కూడా మానండి. మెడలో మెదడుకి వెళ్ళే రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

నల్గొండ నుంచి వచ్చిన పెద్దవాళ్ళు

నల్గొండ జిల్లా నుంచి పిల్లల దగ్గరికి హైదరాబాద్ వచ్చి ఉంటున్న పెద్దవాళ్ళు మెడ అటూ ఇటూ తిప్పలేక, పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతుంటే, చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారో అడగండి. 1937లోనే అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి ఎముకల ఫ్లోరోసిస్ గురించి, అంటే నీటిలోని ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకల్లో చేరి వచ్చే జబ్బు గురించి రాశారు. ఇప్పుడు నది నీళ్ళు నల్లాల్లో వస్తున్నా, దశాబ్దాల పాటు బోరు నీళ్ళు తాగినవాళ్ళ ఎముకల్లో చేరింది అలాగే ఉంటుంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు.

చూడడానికి మూడు తేలిక పద్ధతులున్నాయి. మోకాళ్ళు వంచకుండా నేల మీది నాణెం తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనించగలరా? చేతులు పక్కలకి చాపి, మోచేతులు మడిచి తల వెనక తాకగలరా? మూడూ కష్టమైతే ముంజేతికి ఎక్స్‌రే తీయించమనండి. రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి తెల్లగా కనిపిస్తే అనుమానం దాదాపు తీరినట్టే. ఈ బిగుసుకుపోవడం పాతికేళ్ళ కుర్రాళ్ళలో ఉండి, పొద్దున్నే ఎక్కువగా ఉండి తిరిగితే తగ్గుతుంటే అది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్నెముక కీళ్ళ వాపు జబ్బు వైపు చూపిస్తుంది. అప్పుడు వెళ్ళాల్సింది రుమటాలజిస్టు (కీళ్ళవాతం డాక్టరు) దగ్గరికి. ఫ్లోరోసిస్ ముదిరితే అదనంగా పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కుతుంది, కాబట్టి పైన చెప్పిన పిడికిలి పరీక్ష వీళ్ళకీ చేయండి.

రాత్రికి రాత్రి వచ్చే భుజం నొప్పి

వైరల్ జ్వరం తగ్గిన కొన్నాళ్ళకో, ఆపరేషన్ అయ్యాకో, ఒక రాత్రి భుజంలో భరించలేని నొప్పి మొదలవుతుంది. ఏ మాత్రకీ లొంగదు. కొన్ని రోజులకో వారాలకో నొప్పి తగ్గుతుంది, హమ్మయ్య అనుకునేలోపు చెయ్యి లేవదు. గోడకి ఎదురుగా నిలబడి రెండు చేతులతో నెట్టమని, వెనక నుంచి చూడండి. ఒక రెక్క ఎముక లేచి నిలబడితే పార్సనేజ్ టర్నర్ సిండ్రోమ్ అనుమానించాలి. 1948లో దీన్ని వివరించిన ఇద్దరు డాక్టర్ల పేర్లవి. ముందు నొప్పి, తర్వాత బలహీనత అన్న ఈ వరుసే దీని గుర్తు. ఫ్రోజెన్ షోల్డర్‌లో అయితే పక్కవాళ్ళు ఎత్తినా చెయ్యి పైకి వెళ్ళదు. ఇక్కడ పక్కవాళ్ళు ఎత్తితే వెళ్తుంది, తనంతట తను ఎత్తలేరు. ఈఎంజీ (కండరంలో సూది పెట్టి చేసే పరీక్ష) తొందరపడి చేయిస్తే నార్మల్ రావచ్చు, దాదాపు మూడు వారాలు ఆగాక చేయించాలి.

తల ఒకవైపు లాగేస్తుంటే

తల దానంతటదే ఒకవైపు తిరిగిపోతూ, గడ్డం మీద వేలు ఆనించగానే సర్దుకుంటే, నిద్రలో పూర్తిగా మాయమైతే అది సర్వైకల్ డిస్టోనియా. మెడ పట్టేయడం కాదు, టెన్షన్ కాదు, గాలి సోకడం అంతకంటే కాదు. బొటులినం ఇంజెక్షన్ మూడు నెలలకోసారి వేస్తారు, ఉపయోగపడుతుంది. వీళ్ళు తప్పకుండా ఫోన్‌లో వీడియో తీసుకెళ్ళాలి, ఎందుకంటే డాక్టరు ఎదురుగా కూర్చున్నప్పుడు ఒక్కోసారి తల బుద్ధిగా నిటారుగా ఉంటుంది.

అదే ఉన్నట్టుండి మెడ వెనక్కి తిరిగి, కళ్ళు పైకి పోతే ముందు ఆ రెండు రోజుల్లో వాంతులకి ఏం మందు వాడారో చెప్పండి. మెటోక్లోప్రమైడ్ లాంటివి యువతలో ఇలా చేస్తాయి. ఆసుపత్రిలో ఒక ఇంజెక్షన్‌తో చాలావరకు సర్దుకుంటుంది.

తల పక్కకి తిరగకుండా సాయంత్రానికి ముందుకి వాలిపోతుంటే, రెప్పలు కూడా వాలుతుంటే, పొద్దున లేచేసరికి బాగుంటే మయస్థీనియా గ్రావిస్ (నరం నుంచి కండరానికి సందేశం సరిగా అందని జబ్బు) గుర్తుంచుకోండి. పొద్దున ఒక ఫోటో, రాత్రి ఒక ఫోటో తీసి చూపిస్తే డాక్టరుకి సగం పని అయిపోతుంది.

ఆదివారం రాత్రి బిర్యానీ కడుపునిండా తిని పడుకున్న కుర్రాడు సోమవారం పొద్దున కాళ్ళు కదపలేకపోతే రక్తంలో పొటాషియం చూడాలి, ఆ తర్వాత థైరాయిడ్ చూడాలి. దీనికి ఇంట్లో ప్రయోగాలు వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి. మూత్రం ఆగిపోయినా, రెండు కాళ్ళూ గంటల్లో, రోజుల్లో చచ్చుబడుతున్నా, మింగడం, ఊపిరి కష్టమైనా, పడ్డాక మెడ నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా అంతే. ఆ సమయంలో కాగితాలు రాసుకుంటూ కూర్చోవద్దు.

పరీక్షకి వెళ్ళేటప్పుడు

నిమ్స్ అయినా, గాంధీ అయినా, ఉస్మానియా అయినా, ప్రైవేటు అయినా న్యూరాలజీ ఓపీకి రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్ళకండి. ఎంఆర్ఐ ఫిల్ములు, సీడీ రెండూ కావాలి. మందుల పాత చీటీలు, పాత పెళ్ళి ఫోటో ఒకటి. చెయ్యి ఎప్పటినుంచి సన్నబడిందో ఆ ఫోటోలోని పొట్టి చేతుల జాకెట్టు చెబుతుంది.

నర్వ్ కండక్షన్ పరీక్ష రోజు చేతులకీ కాళ్ళకీ నూనె, క్రీము రాయొద్దు. వదులు బట్టలు వేసుకోండి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పండి. కరెంటు చిన్నచిన్నగా జివ్వుమంటుంది, సూది పెట్టినప్పుడు కాస్త నొప్పి ఉంటుంది. చెయ్యి చల్లగా ఉంటే ఫలితం తేడా వస్తుంది, అందుకే ఏసీ గదిలో బాగా చల్లబడితే కాసేపు వేడిచేసి చేయమని అడగండి.

జబ్బు పేరు వెంటనే తేలకపోతే, మోచేతి నుంచి ముంజేతి మీదికి పది సెంటీమీటర్లు కొలిచి పెన్నుతో గుర్తు పెట్టి, అక్కడ చుట్టుకొలత దర్జీ టేపుతో తీసి తేదీతో రాయండి. రెండో చేతికీ అలాగే. నెలకోసారి, అదే మనిషి, అదే టేపుతో.